చలి కంటే తడి చెడ్డది: ఆరుబయట పడుకునేటోళ్ల పడక కథ



యాసంగి మక్క పాలు పోసుకునే టైముకు మన ఊళ్లల్లో ఇంటికొకరు చేన్లనే పడుకుంటరు. పందులు ఒక్క రాత్రి దిగితే నాలుగు నెలల కష్టం పోతది గదా. ఈ మధ్య మన పిలగాళ్లు ఫోన్లో బొమ్మలు చూసి, "స్లీపింగ్ బ్యాగు తెప్పిద్దామా, ఏది మంచిది" అని అడుగుతున్నరు. అడగడం మంచిదే. కానీ ఆ సంచులు మన మంచె మీద పడుకునేటోళ్ల కోసం పుట్టలేదు. మంచు కొండలు ఎక్కేటోళ్ల కోసం, అమెరికాలో రాకీ కొండల్లోకి వారం పది రోజులు వేటకు పోయేటోళ్ల కోసం తయారైనవి. వాళ్ల అవసరం వేరు, మన అవసరం వేరు. అవి ఎట్ల పుట్టినయో తెలిస్తే మనకు ఏది పనికొస్తదో మనమే చెప్పుకోవచ్చు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్న, ఓపికతో చదవండి.

ముందు ఒక సంగతి

ఏ దుప్పటీ వేడి పుట్టించదు. వేడి మన ఒంటిదే. దుప్పటి చేసే పని ఒక్కటే, మన ఒంటి చుట్టూ గాలిని కదలకుండా పట్టి ఉంచడం. ఉన్ని నడుమ, ఈకల నడుమ, దూది నడుమ ఆగిన గాలే మనకు గోడ.

ఆ గోడ మూడు రకాలుగా కూలుతుంది. ఒకటి, ఈదురుగాలి దూరితే. రెండు, ఒంటి బరువుకు అణిగిపోతే. మూడు, తడిస్తే. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది చడీచప్పుడు లేకుండా వస్తుంది. వాన కురవక్కర లేదు. మంచు పడితే చాలు, చెమట పట్టినా చాలు, సంచిలోకి ముఖం పెట్టి ఊపిరి వదిలినా చాలు. ఇప్పుడు చెప్పబోయే కథంతా ఈ మూడింటితో మనుషులు పడ్డ కొట్లాటే.

అడవి దున్న తోలు, గీతల కంబళి

అమెరికా మైదానాల్లోని ఆదివాసులకు చలికాలం పడక అంటే బైసన్ తోలు. బైసన్ అంటే అక్కడి అడవి దున్న. చలికాలంలో వెంట్రుక దట్టంగా ఉన్నప్పుడు వేటాడి, తోలుకు వెంట్రుక ఉంచే, ఆ జంతువు మెదడే రాసి మెత్తగా పదును పెట్టేవాళ్లు. ఈ పనంతా ఎక్కువగా ఆడవాళ్లదే. గాలి దూరని తోలు బయటికి, గాలిని పట్టే వెంట్రుక లోపలికి. ఇంతకంటే మంచి పడక అప్పట్లో ఇంకొకటి లేదు. కాకపోతే బరువు. మోయడానికి గుర్రం ఉండాలి.

బీవర్ అనే నీటి జంతువు తోలు కోసం తెల్లవాళ్లు 1820లు, 30లలో రాకీ కొండల్లోకి దిగారు. వాగుల్లో మోకాలి లోతు చల్లటి నీళ్లలో ఉచ్చులు పెట్టే పని. రోజంతా తడి. వాళ్లూ ఈ బైసన్ తోలే పరుచుకున్నారు. దాంతో పాటు వాళ్లకు ఇంకొకటి ఉండేది, ఉన్ని కంబళి. కెనడాలో వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ 1779-80 కాలం నుంచి ఇంగ్లండులోని విట్నీ అనే ఊరిలో నేయించి తెచ్చిన కంబళ్లు పేరుమోసినవి. వాటి అంచున చిన్న నల్ల గీతలు ఉండేవి. ఎన్ని గీతలు ఉంటే అన్ని బీవర్ తోళ్లు ఇవ్వాలని చాలామంది చెబుతారు గానీ, అసలు ఆ గీతలు కంబళి సైజుకు గుర్తు. విప్పి కొలవకుండానే మడత మీద గీతలు లెక్కపెట్టి చెప్పొచ్చు.

ఆ కంబళినే కత్తిరించి తలకు టోపీ వచ్చేటట్టు కోటు కుట్టుకునేవాళ్లు. మన గొల్ల కురుమలు గొంగడిని కొప్పెర వేసుకున్నట్టే అన్నమాట. ఎక్కడి కెనడా, ఎక్కడి మన ఊరు. వానలో నిలబడే మనిషికి ఎక్కడైనా తోచేది ఒక్కటే.

తరవాత తోళ్ల వ్యాపారం, తుపాకులు, రైలు మార్గాలు కలిసి బైసన్‌ను తుడిచిపెట్టాయి. ఒకప్పుడు కోట్లల్లో తిరిగిన జంతువు. 1889లో హార్నడే అనే ఆయన లెక్క కట్టి చూస్తే, జూలలో ఉన్నవి కూడా కలిపి 1,091 మిగిలాయి. జంతువుతో పాటు ఆ పడకా పోయింది. పశువులు తోలే కౌబాయ్‌లు అప్పటికే వేరే దారి పట్టారు. పాత బట్టల ముక్కలతో కుట్టిన బొంత, దానికి 'సూగన్' అని పేరు. దాన్ని మందపాటి టార్పాలిన్ గుడ్డలో చుట్టేవాళ్లు. మన ఇళ్లల్లో పాత చీరల బొంత ఎట్లనో అదీ అట్లనే. వంట బండి మీద వేసుకుపోయేవాళ్లు కాబట్టి బరువు లెక్క చేయలేదు.

కాపలా వాళ్లే మొదటివాళ్లు

ఇక సంచి కథ. యూరపులో ఫ్రాన్సుకు, స్పెయిన్‌కు నడుమ పిరనీస్ కొండలున్నాయి. దొంగ సరుకు దాటకుండా ఆ కనుమల్లో రాత్రంతా కాపలా కాసే ఫ్రెంచి సుంకం జవాన్లు గొర్రె తోలు సంచుల్లో పడుకునేవాళ్లు. ఉన్ని లోపలికి, తోలు బయటికి. పొద్దున్నే చుట్టి, పట్టీలు బిగించి వీపుకు తగిలించుకునేవాళ్లు. గాల్టన్ అనే ఇంగ్లీషాయన ప్రయాణాల మీద రాసిన పుస్తకంలో దీన్ని మెచ్చుకున్నాడు. అంటే స్లీపింగ్ బ్యాగు తాతల్లో ఒకటి కాపలాదారుల సంచే. ఆ లెక్కన మనకూ దానికీ చుట్టరికం ఉన్నట్టే.

1861లో టకెట్ అనే కొండలెక్కే ఆయన ఆల్ప్స్ పర్వతాల్లో తన సంచిని పరీక్షించాడు. పైన కంబళి, కిందివైపు రబ్బరు పూసిన గుడ్డ. నేల తడి పైకి రాకుండా ఉండాలని. ఇప్పుడు మనం కింద పాలిథీన్ పట్టా పరుస్తున్నం గదా, అదే ఆలోచన.

1878లో ఇంకో తమాషా జరిగింది. స్టీవెన్సన్ అనే పేరున్న రచయిత ఫ్రాన్సులో సెవెన్ కొండల్లో ఒంటరిగా తిరగాలని ఒక పడక సంచి కుట్టించుకున్నాడు. బయట బండి మీద కప్పే పచ్చటి నీరు దిగని గుడ్డ, లోపల గొర్రె బొచ్చు. కుట్టించినంక చూస్తే మోయలేడు. దాన్ని మోయడానికి మోడెస్టీన్ అనే గాడిదను కొన్నాడు. గాడిదకు 65 ఫ్రాంకులు, ఒక గ్లాసు బ్రాందీ. సంచికి అయింది 80 ఫ్రాంకులు, రెండు గ్లాసుల బీరు. మోసే గాడిద కంటే పడకే ఎక్కువ పిరం! పన్నెండు రోజులు తిరిగి ఆఖరుకు గాడిదను 35 ఫ్రాంకులకు అమ్ముకున్నాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. వస్తువు ఎంత వెచ్చన అని చూసే ముందు దాన్ని ఎవరు మోయాలి, ఎంత దూరం మోయాలి అని చూడాలి.

రద్దయిన ఆర్డరు

వేల్స్ దేశంలో న్యూటౌన్ అనే ఊరిలో ప్రైస్ ప్రైస్-జోన్స్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. అక్కడి గొర్రెల ఉన్నితో నేసిన ఫ్లానెల్ బట్టను పోస్టు ద్వారా దూర దేశాలకు అమ్మి పేరు తెచ్చుకున్నాడు. 1876లో 'యూక్లిసియా రగ్గు' అని ఒకదానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక కంబళి, దానికే గాలి ఊదుకునే రబ్బరు దిండు, మనిషి లోపల పడుకుంటే మడిచి బిగించుకునే ఏర్పాటు. సంతలో సరుకుగా అమ్మిన మొదటి స్లీపింగ్ బ్యాగు ఇదేనని చాలామంది చెబుతారు.

రష్యా, టర్కీ యుద్ధం వచ్చింది. రష్యా సైన్యం 60,000 రగ్గులు కావాలంది. సరుకు పోతూనే ఉంది, ఇంతలో 1877 డిసెంబరులో ప్లెవ్నా అనే ఊరు పడిపోయింది. మిగిలిన ఆర్డరు రద్దు చేశారు. 17,000 రగ్గులు ఆయన చేతిలో ఉండిపోయాయి. పంట కోసి కుప్ప పోసినంక కొనేటోడు ముఖం చాటేస్తే ఎట్లుంటదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. పేదలకు పంచే ధర్మ సంస్థలకు తక్కువ ధరకు ఇచ్చాడు, ఆస్ట్రేలియాలో ఊళ్లకు దూరంగా పశువులు కాసేవాళ్లకు అమ్మాడు. అట్ల సైనికుని పడక కాపరి పడక అయింది.

23 కిలోలు 53 కిలోలయిన కథ

తడి సంగతి అసలు తెలియాలంటే 1911కి పోవాలి. స్కాట్ నాయకత్వంలో దక్షిణ ధృవానికి పోయిన బృందంలో విల్సన్, బోవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు, పెంగ్విన్ గుడ్లు తేవడానికి నడి చలికాలంలో, సూర్యుడే కనిపించని చీకట్లో, కేప్ క్రోజియర్‌కు నడిచి పోయారు. అయిదు వారాలు. చలి ఒకరోజు సున్నాకు 60 డిగ్రీల కిందికి పోయింది.

వాళ్లవి రెయిన్‌డీర్ తోలు సంచులు. మంచి సంచులే. ఆ చలికి తగ్గవే. కానీ బండి లాగితే పట్టిన చెమట, పడుకుంటే వదిలిన ఊపిరి, అంతా ఆ తోలులోనే గడ్డ కట్టింది. ఆరబెట్టడానికి ఎండ లేదు. రోజురోజుకు సంచి రాయిలా అయింది. రాత్రి లోపలికి దూరాలంటే ముందు ఒంటి వేడితో కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ దూరాలి. పోయేటప్పుడు మూడు సంచులూ కలిపి 52 పౌండ్లు, అంటే 23 కిలోల పైచిలుకు. తిరిగొచ్చినంక తూస్తే 118 పౌండ్లు, 53 కిలోల పైన. పెరిగిన ముప్పై కిలోలూ వాళ్ల చెమట, ఊపిరే. ముగ్గురూ ప్రాణాలతో వచ్చారు, మూడు గుడ్లు తెచ్చారు. బయటి నుంచి చుక్క వాన పడకుండానే మనిషి తన పడకను తానే తడపగలడని అంత కచ్చితంగా తూకం వేసి చూపించినవాళ్లు ఇంకెవరూ లేరు.

బాతు ఈక

బరువు తగ్గించే దారి బాతు చూపించింది. బాతు రొమ్ము మీద పెద్ద ఈకల కింద పువ్వులాంటి నూగు ఉంటుంది. పిడికెడు తీసి వదిలితే బుట్టెడు అవుతుంది. అంత గాలిని అంత తక్కువ బరువులో పట్టేది ఇప్పటికీ ఇంకొకటి రాలేదు. 1922లో ఎవరెస్టుకు పోయిన జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రం చదివిన ఆయన, బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు కుక్కి కోటు కుట్టించుకున్నాడు. మిగతావాళ్లు ఉన్ని కోట్లతో వచ్చి ఆయన్ని చూసి నవ్వారు. పైకి పోయినంక ఆ నవ్వు ఆగిపోయింది.

అమెరికా వేటగాళ్లకు దీన్ని అలవాటు చేసినవాళ్లలో పెద్ద పేరు ఎడ్డీ బావర్. సియాటిల్‌లో 1920 నుంచి ఆటవస్తువుల దుకాణం నడిపేవాడు, తానూ వేటకు, చేపలకు పోయేవాడు. 1930ల నడుమ చలికాలంలో చేపలకు పోయి, ఉన్ని బట్టలు చెమటకు తడిసి వీపు మీదే గడ్డ కట్టి, చావు దాకా పోయి వచ్చాడు. ఆ తరవాత బాతు నూగుతో కోటు కుట్టాడు. నూగంతా ఒక పక్కకు జారకుండా గళ్లు గళ్లుగా కుట్టు వేశాడు. 1940లో పేటెంటు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి కోట్లు, పడక సంచులు పెద్ద ఎత్తున కుట్టి ఇచ్చాడు. యుద్ధం అయినంక అదే సరుకు పోస్టు కేటలాగు ద్వారా వేటగాళ్లకు చేరింది.

అయితే బాతు నూగుకూ ఒక లోపం ఉంది. తడిస్తే ముద్ద అవుతుంది. ముద్ద అయితే గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. కొండల్లో మూడు రోజులు ముసురు పట్టిందంటే ఆరదు.

నూలు కాదు, ఉన్ని కాదు

దీనికి మందుగా పాలిస్టర్ పోగు వచ్చింది. పెట్రోలియం నుంచి తీసేది. అది తన బరువులో నూటికి ఒక వంతు నీళ్లు కూడా పీల్చదు, పిండి దులిపితే మళ్లీ లేస్తుంది. 1980లలో అమెరికా సైన్యం తడిసినా పనిచేసే బాతు నూగు లాంటిది కావాలంటే, ఆల్బనీ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ప్రైమాలాఫ్ట్ అనే సన్నటి పోగు తయారు చేసింది. అయితే అదే వెచ్చదనానికి నూగు కంటే బరువెక్కువ, మడత పెద్దది, కొన్నేళ్లు అణిచి వాడితే చచ్చుబడుతుంది.

1990లలో రే జార్డిన్ అనే ఆయన ఇంకో మాట అన్నాడు. మనిషి పడుకుంటే వీపు కింది భాగం ఎట్లాగూ అణిగిపోతుంది, అది పనిచేయదు. పనిచేయని దాన్ని ఎందుకు మోయాలి? కింది భాగం తీసేసి, పైన కప్పుకునే బొంత, కింద వేరే చాప ఉంటే చాలు. బొంత కొత్తది కాదు గానీ కొండల్లో నడిచేవాళ్లు మళ్లీ దానివైపు తిరిగింది అప్పుడే. ఇప్పుడు రాకీల్లో ఎల్క్ వేటకు పోయేటోళ్లు 'సంచా, బొంతా' అని తర్జనభర్జన పడేది ఇదే. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక. దాన్ని కొడితే ఎముకలు తీసినా వంద కిలోలకు దగ్గర మాంసం. రోడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్ల లోపల. అదంతా వీపు మీదే తేవాలి. అందుకే వాళ్లకు పడకలో అరకిలో తగ్గినా లాభమే. వాళ్లు పెట్టే ధర ఆ అరకిలో కోసం.

మన చేను, మన చలి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వేటకు మన దేశంలో 1972 చట్టం కట్టడి పెట్టింది. కాపలా మాత్రం తప్పలేదు. మన చలి రాకీల చలి కాదు. ఆదిలాబాద్ దిక్కు ఒక్కోసారి అయిదారు డిగ్రీలకు పోతది, మిగతా చోట్ల చాలా రాత్రులు పది దాటే ఉంటది. మనం మోసేది ఇంటి నుంచి చేను దాకా, అదీ బండి మీద. కాబట్టి అరకిలో తగ్గించడానికి వేలకు వేలు పెట్టే పని మనకు లేదు.

మన శత్రువు తెల్లవారుజామున పడే మంచు. నూలు దుప్పటి, దూది బొంత ఆ మంచును పీల్చి నాలుగు గంటలకల్లా చల్లబడతాయి. దీన్ని మన పెద్దోళ్లు ఎప్పుడో తెలుసుకున్నరు. అందుకే గొంగడి. దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్ని, ఆడవాళ్లు వడికితే, కురుమలు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టి బిగువు చేసేవాళ్లు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనియ్యదు. నెగడు నిప్పురవ్వ పడితే కమురుతుంది గానీ భగ్గుమని అంటుకోదు. అదే నైలాను సంచి మీద రవ్వ పడితే కరిగి రంధ్రం పడుతుంది. విట్నీ కంబళికి, పిరనీస్ సంచికి ఉన్న గుణాలన్నీ మన గొంగడికి ఉన్నయి. బరువు ఎక్కువ, ఒంటికి గుచ్చుకుంటది, అది నిజమే. లోపల ఒక పాత పంచె వేసుకుంటే సరిపోతది.

కానీ గొంగడి ఇప్పుడు ఎక్కడ దొరుకుతది? మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రెలు వచ్చినయి. దక్కనీ గొర్రెలు తగ్గినయి. ఉన్న ఉన్నికి ధర లేక, కత్తిరింపు కూలి కూడా రాక పారేస్తున్నరు. మన చేన్లల్ల మంద పెట్టించుకున్న గొర్రెలే అవి. బైసన్ తోలు పడక ఎట్ల మాయమైందో పైన చెప్పిన. వాళ్లకు తుపాకీ కారణం, మనకు సంత కారణం.

అందుకని అడిగిన పిలగాళ్లకు నా మాట ఇది.

1. ఇంట్ల తాత గొంగడి ఉంటే ముందు దాన్ని ఎండలో వేయండి. వేపాకు పెట్టి దాచండి. నేసేటోళ్లు దగ్గర్లో ఉంటే ఒకటి నేయించుకోండి.

2. కొనాల్సి వస్తే పాలిస్టర్ నింపింది తీసుకోండి, బాతు నూగుది వద్దు. మన మంచుకు, మన చెమటకు పాలిస్టరే నయం. రోజూ ఎండలో ఆరేయండి. తడి మీద చుట్టి పెడితే ఎంత మంచిదైనా పాడే.

3. సరైన కంపెనీ సరుకు మీద మూడు రకాల డిగ్రీలు రాసి ఉంటయి. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలుస్తది, నిద్ర పట్టదు. పెద్ద అక్షరాల్లో ఏది రాసినా మీరు కంఫర్ట్ అంకెనే చూడండి. మనకు కంఫర్ట్ అయిదు డిగ్రీలు ఉంటే చాలు.

4. తల దాకా బిగించే సంచి కాపలాకు పనికిరాదు. పంది అలికిడి అయితే జిప్పు వెతుక్కోవాలి. మొత్తం తెరుచుకొని బొంతలా కప్పుకునేది తీసుకోండి. ముఖం మాత్రం బయటే ఉంచండి, ఊపిరి లోపల వదలొద్దు.

5. కింద సంగతి మరవొద్దు. నులక మంచం మీద పడుకుంటే చలి కింది నుంచే వస్తది. మంచం మీద వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద పట్టా, దాని మీద పడక. నేల మీద మాత్రం పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతది, కరిచినట్టు కూడా తెలియదు. మంచం, దాని చుట్టూ లోపలికి దోపిన దోమతెర, పక్కన టార్చి. ఏ సంచి కొన్నా కొనకున్నా ఈ మూడూ ఉండాలె.

మీ ఊరి దిక్కు గొంగడి నేసే మగ్గం ఇంకా ఆడుతుంటే ఊరి పేరు, ఇప్పుడు నడిచే ధర రాయండి. యాసంగి కాపలాకు ఇంకా టైముంది, కావాల్సినోళ్లు నేయించుకుంటరు.